పత్తిలో మూడు రకాల కుళ్ళు, ఒకే పొరపాటు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వర్షాధారంగా వేసే పత్తికి కాయ ముదిరి పగిలే కాలమూ, బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలమూ ఒకటే. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ ఆ రోజుల్లోనే వచ్చాయి. అలాంటి ముసురులో మొక్క వాడినా, కాయ నల్లబడినా అంతటినీ ‘కుళ్ళు’ అనే ఒక్క మాటతో సరిపెట్టి ఒకే మందు కొట్టడం వల్ల ఎంతో డబ్బు వృథా అవుతోంది.

చేలో అక్కడక్కడ గుంపులుగా మొక్కలు ఎండి, పట్టి లాగితే సులువుగా ఊడివచ్చి, వేరు బెరడు పీచులా చీలి జిగటగా ఉంటే అది వేరుకుళ్ళు. నేలలో ఏళ్ళ తరబడి బతికే రైజోక్టోనియా అనే శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి, దానికి కారణం. రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని 90 కిలోల చివికిన గెత్తంలో, 10 కిలోల వేపపిండితో కలిపి, వారం పదిరోజులు నీడన తడి ఆరకుండా మాగనిచ్చి ఎకరానికి చల్లడం దీనికి ముందుజాగ్రత్త. తెగులు కనిపించాక లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి. బెట్ట తర్వాత భారీ వాన పడి మొక్కలు ఒక్కసారిగా వాలిపోయినా వేరు తెల్లగా, గట్టిగా ఉంటే మాత్రం అది తెగులే కాదు. నిలిచిన నీటిని వెంటనే కాలువ తీసి బయటికి పంపడమే అక్కడ అసలు వైద్యం.

అన్నిటికంటే మోసపుచ్చేది కాయకుళ్ళు. గాలి ఆడని కింది కొమ్మల కాయలపై గోధుమ, నలుపు మచ్చలు లేచి, పైన బూజు పట్టడం ఒక రూపమైతే, పైకి పచ్చగా నిగనిగలాడే కాయను చాకుతో కోసినప్పుడు లోపలి దూది పసుపుగా, గోధుమరంగుగా చెమ్మగిల్లి కనిపించడం రెండో రూపం. రసం పీల్చే నల్లి పురుగులు చేసిన సన్నని గాయాల గుండా బాక్టీరియా లోనికి చేరడం వల్ల ఈ రెండోది వస్తుంది. ఒకసారి రంగు మారిన దూదిని ఏ మందూ తెల్లబరచలేదు కనుక, విత్తేటప్పుడే సాళ్ళ మధ్య ఎడం ఇవ్వడం, యూరియా మోతాదు మించనివ్వకపోవడం, పిందె దశనుంచే నల్లులను కనిపెట్టి ఉండడం ముఖ్యం. ముసురు విడిచాక కుళ్ళిన కాయలను ఏరి చేను బయట పాతిపెట్టాలి. పత్తి ఏరేటప్పుడు మచ్చపడిన దూదిని వేరే సంచిలో వేసి, తడిసిన పత్తిని నీడలో పలుచగా ఆరబెట్టాకే మూట కట్టాలి.