చూచి నేర్చు భాష

2003వ సంవత్సరమున జపాను జాతీయ ప్రసారసంస్థయైన ఎన్.హెచ్.కె., అంతకు ముందటి యేట కొరియాలో ప్రసారమై ప్రఖ్యాతి గాంచిన ‘వింటర్ సొనాటా’ యను 20 భాగముల ప్రేమగాథను జపాను మాటలతో తన ప్రేక్షకులకు చూపెను. అందు నాయకపాత్ర ధరించిన బే యోంగ్ జూన్ ఆ దేశపు గృహిణుల హృదయములను, విశేషించి నడివయస్సు దాటినవారి హృదయములను, ఎంతగా ఆకర్షించెననగా, అతని మాటలను పరాయి గొంతుకతో వినుటకు మనసొప్పక, అసలు గొంతుకయే వినవలెనను కోరిక వారిలో ప్రబలెను. 2004 డిసెంబరులో ఆ సంస్థ అదే కథను కొరియా సంభాషణలతోనే, తెర యడుగున జపాను అక్షరములు వేసి, మరల ప్రసారము చేసెను. పలువురు స్త్రీలు పాఠ్యపుస్తకములు కొనిరి, తరగతులలో చేరిరి, కథ చిత్రీకరింపబడిన నామి ద్వీపమునకు యాత్రవలె తరలిపోయిరి. 1910 మొదలు 1945 వరకు కొరియాను పాలించి, ఆ పాలన చివరి దినములలో పాఠశాలలనుండి కొరియాభాషను వెడలగొట్టిన దేశమున, ఏ ప్రభుత్వశాసనమును, ఏ ఉద్యోగాశయు లేకయే, ఆ భాష నేర్వవలెనను ఉత్సాహము ఒక కన్నీటికథవలన జనించుట చరిత్రకారులు ఊహింపని విచిత్రము.

ఆ విచిత్రము ఇప్పుడు మన యింటి ముంగిటికిని వచ్చినది. 2000లో మణిపురమున ఒక సాయుధసంస్థ హిందీ చిత్రములను నిషేధింపగా, ఏర్పడిన వెలితిలోనికి ‘అరిరంగ్’ అను కొరియా ప్రసారము ప్రవేశించి, అచటి యువజనుల నోట కొరియా పలకరింపులను నిలిపెను. తెలుగునాట ఆ గాలి ఆలస్యముగా వీచినను, కరోనా కాలమున ఇండ్లలో చిక్కుపడిన వేళ చేతిఫోనులోనికి చొచ్చుకొని వచ్చి, కళాశాలల విద్యార్థినులను మాత్రమే కాక వారి తల్లులను సైతము రాత్రులు మేలుకొల్పుచున్నది. పెనుకొండ వద్ద కియా కర్మాగారము 2019లో కారుల తయారీ మొదలిడిన పిదప అనంతపురము సీమలో కొరియా భోజనశాలలు వెలసినవి. దుబాసీలకు పని కలిగినది. కావున ఇష్టమైన కథలను చూచుచు పరభాష నేర్చుకొనుట సాధ్యమా యను ప్రశ్న వినోదార్థము వేయునది కాదు. సాధ్యమే, కాని కొంతమేరకే. ఆ కొంత యెంతయో, దానికి చెల్లింపవలసిన వెల యెంతయో తెలియకపోవుటచేతనే, వందలకొలది గంటలు చూచినవారు సైతము నాలుగు పలకరింపులకు మించి పలుకలేకున్నారు.

మొదట మనకు గల యొక భాగ్యమును చెప్పుదును. ఆంగ్లేయునకు కొరియా వాక్యము తలక్రిందులుగా తోచును. తెలుగువానికి అట్లు తోచదు. కర్త మొదట, కర్మ నడుమ, క్రియ కడపట నుండుట రెండింటికిని సామాన్యము. విభక్తి ప్రత్యయములు నామమునకు వెనుక చేరుటయు అట్టిదే. ‘నేను చదివిన పుస్తకము’ అను మాటను కొరియాభాషలో ‘నేగా ఇల్గున్ చేక్’ అందురు. పదమునకు పదము, అదే వరుస. 1905లో హోమర్ హల్బర్ట్ అను అమెరికా దేశీయుడు, సియోలు నగరమున చిరకాలము పనిచేసినవాడు, కొరియాభాషకును ద్రావిడభాషలకును తులనాత్మక వ్యాకరణమునే రచించెను. ఈ రెండింటికిని జన్మసంబంధము కలదన్న వాదమును నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరింపరు. అట్లయినను నేర్చుకొనువానికి కావలసినది వంశవృక్షము కాదు గదా! వాక్యము కదలిక పోలియున్నంతలో, క్రియకొరకు చివరివరకు వేచియుండు అలవాటు మన చెవికి పుట్టుకతోనే వచ్చుచున్నది.

ఇక పాఠ్యపుస్తకము ఇయ్యజాలనిదియు, ధారావాహిక పుష్కలముగా ఇచ్చునదియు నగు విషయమునకు వత్తము. కొరియాభాషలో క్రియాపదపు కడపటి ప్రత్యయమే మాటలాడువానికిని వినువానికిని గల సంబంధమును ప్రకటించును. ‘పోయితిని’ అనుటకు చిన్ననాటి మిత్రునితో ‘కస్సో’ అనియు, అంతగా చనవులేని వారితో ‘కస్సోయో’ అనియు, కార్యాలయములో పెద్దల సమక్షమున ‘కస్సుమ్నిదా’ అనియు పలుకవలెను. ఈ భేదమును వ్యాకరణగ్రంథము ఒక పట్టికలో చూపి ముగించును. కాని ఏ క్షణమున, ఏ కారణముచేత, ఎవరి యనుమతితో ఒకడు గౌరవరూపమును విడిచి చనవురూపమునకు దిగునో పట్టిక చెప్పజాలదు. ఇద్దరు కొత్తగా పరిచయమైనప్పుడు మొదట వయస్సు తెలిసికొనుట, పెద్దవాడు ‘ఇకమీదట చనవుగా మాటలాడుదమా’ యని అడుగుట, అడుగకయే చనవు తీసికొన్నవానిపై ఎదుటివాడు కనుబొమలు ముడుచుట, కోపము వచ్చిన కోడలు అకస్మాత్తుగా అతిమర్యాదలోనికి మరలి అత్తను గజము దూరమున నిలుపుట, ఇవన్నియు కథలో కన్నులయెదుట జరుగును. ‘మీరు’ నుండి ‘నువ్వు’కు దిగుటలోని సుఖమును, దిగరానిచోట దిగుటలోని ప్రమాదమును ఎరిగిన తెలుగు ప్రేక్షకునకు ఇందలి రసము వెంటనే పట్టుబడును.

వరుసలు కలిపి పిలుచుటయు అట్టిదే. రక్తసంబంధము లేనివారిని అన్నయనియు అక్కయనియు పిలుచుట వారికిని మనకును అలవాటే. అయితే పిలుచువారు స్త్రీయో పురుషుడో యనుదానిని బట్టి అచట మాట మారును. అన్నను తమ్ముడు ‘హ్యోంగ్’ అనును, చెల్లెలు ‘ఓప్పా’ అనును. అక్కను తమ్ముడు ‘నూనా’ అనును, చెల్లెలు ‘ఒన్నీ’ అనును. అంతటితో ఆగక, ప్రియురాలు తనకంటె పెద్దవాడైన ప్రియుని సైతము ‘ఓప్పా’ యనియే పిలుచును! ఈ సంగతి తొలిసారి తెలిసినప్పుడు మన యిండ్లలోని పెద్దలు ఉలికిపడుటలో వింత లేదు. తెలుగు మాటలు తొడిగిన ప్రతులలో ఈ సూక్ష్మములలో పెక్కు నశించును. మాటలు తొడిగిన ప్రతిని చూచి కథ యానందింపవచ్చును గాని భాష యొక అక్షరమైనను రాదు.

అయినచో అసలు కంఠములతో వినుచు, అడుగున తెలుగో ఆంగ్లమో చదివినచో చాలునా? ఇక్కడనే పెక్కుమంది మోసపోవుదురు. నెదర్లాండ్సులోని నైమేగన్ నగరమున మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన మిటరర్, మెక్వీన్ అను పరిశోధకులు 2009లో ఒక పరీక్షాఫలితమును ప్రకటించిరి. ఆంగ్లము బాగుగా తెలిసిన డచ్చి విద్యార్థులకు, వారికి అలవాటులేని స్కాట్లండు, ఆస్ట్రేలియా యాసల ఆంగ్లముతో కూడిన దృశ్యములను కొందరికి ఆంగ్లాక్షరములతోను, కొందరికి డచ్చి అక్షరములతోను, కొందరికి ఏ అక్షరములు లేకయు చూపి, పిదప ఆ యాసలోని మాటలు వినిపించి తిరిగి పలుకుమనిరి. ఆంగ్లాక్షరములు చూచినవారికి చెవి పదునెక్కెను. మాతృభాషాక్షరములు చూచినవారు, అంతకుముందు వినని మాటలను గుర్తించుటలో, ఏ అక్షరములు చూడనివారికంటెను వెనుకబడిరి. కన్ను సొంతభాషను చదువుచుండగా చెవికి పని యుండదు. కథ కంటిద్వారమున లోనికి వచ్చును, ధ్వని వెలుపలనే నిలిచిపోవును.

కొరియాభాష విషయమున ఈ హెచ్చరిక మరింత సత్యము. మనకు క, ఖ, గ, ఘ లను వేరుచేయు చెవి యున్నదన్న గర్వము తగును గాని, వారి వర్ణవ్యవస్థ వేరు: సామాన్యమైన కకారము, ఊపిరి విసరిన కకారము, గొంతు బిగించి పలుకు కకారము అని మూడు. మొదటిది పదాదిని క వలెను, అచ్చుల నడుమ గ వలెను మనకు వినిపించి భ్రమపెట్టును. ఏది యేదో నిర్ణయించునది లిపి. 15వ శతాబ్దమున సేజోంగ్ రాజు సామాన్యప్రజలకొరకు కల్పించి 1446లో లోకమునకు ప్రకటించిన హంగుల్ లిపికి నేడు వాడుకలోనున్న మూలాక్షరములు 24 మాత్రమే. గుణింతమెరిగిన మనవారు దానిని కొలది దినములలో కూడబలుకుకొని చదువగలరు. కనుక మొదట లిపి, పిదప తెర. హంగుల్ అక్షరములను తెర యడుగున పెట్టుకొని చూచినగాని ప్రయోజనము లేదు.

అట్లు చూచుట సుఖము కాదు. ఒక భాగమును ముందు మన భాషాక్షరములతో చూచి కథ తెలిసికొని, మరునాడు అదే భాగమును హంగుల్‌తో చూచుచు, తెలియని మాటవద్ద ఆపి, నటునితోపాటు గొంతెత్తి పలికి, ఆ మీద అక్షరములు పూర్తిగా తీసివేసి వినవలెను. ఇదంతయు చేయునప్పుడు ఒక గంట కథ నాలుగైదు గంటల పనియగును, ప్రియమైన నాయకునిపై కూడ విసుగు పుట్టును. ఆ విసుగు పుట్టని కథనే యెన్నుకొనుట ఇందలి కిటుకు. ‘ఇష్టమైన’ అను విశేషణము అలంకారము కాదు, మూడుమారులు చూడగలిగించు శక్తి అది. మరియొకటి: పదసంపద బొత్తిగా లేనిచో తెర నేర్పునది స్వల్పము. వెబ్, రాజర్స్ అను పండితులు ఆంగ్లమున 88 దూరదర్శన కార్యక్రమములను పరిశీలించి, సంభాషణలలోని పదములలో నూటికి 95 పాళ్లు తెలిసినవగుటకు వాడుకలో మిక్కిలి తరచుగా వచ్చు 3,000 పదకుటుంబములు తెలియవలెనని 2009లో లెక్కించిరి. కొరియాభాషకు ఆ లెక్క అట్లే యన్వయింపకపోయినను, ప్రాథమిక పాఠ్యపుస్తకమును పారవేయరాదనుట మాత్రము స్పష్టము.

కథను ఎన్నుకొనుటలో తొందరపాటు తగదు. రాజాస్థానముల కథలు కంటికింపుగా నుండును; 2003 నాటి ‘దే జాంగ్ గుమ్’ను మెచ్చనివారరుదు. కాని ఆ కథలలోని మాటలు నేర్చి సియోలు వీథిలో బేరమాడుట, ‘మాయాబజార్’ చూచి తెలుగు నేర్చినవాడు ఆటోడ్రైవరును ‘ఓయీ సారథీ’ యని పిలిచినట్లుండును. 2022లో వచ్చిన ‘అవర్ బ్లూస్’లో జేజు ద్వీపవాసుల మాండలికమునకు కొరియా ప్రేక్షకులకొరకే తెరపై అక్షరములు వేయవలసివచ్చెను, ‘క్రాష్ లాండింగ్ ఆన్ యూ’లోని సైనికులు ఉత్తర కొరియా యాసలో మాటలాడుదురు. ఇవి రెండవ మెట్టున నున్నవారికి విందు, మొదటి మెట్టువారికి కంటకము. వంటిండ్లు, కార్యాలయములు, ఇరుగుపొరుగుల తగవులు గల సాదా కుటుంబకథలే ఆరంభమునకు శ్రేయస్కరములు.

తెర ఇయ్యలేనిది ఒకటి యున్నది: మారుమాట. సియాటిల్ నగరమున పెట్రీషియా కూల్ అను పరిశోధకురాలి బృందము తొమ్మిది నెలల అమెరికా శిశువులకు 12 పర్యాయములు చీనాభాష వినిపించెను. ఎదుట మనుష్యులు కూర్చుండి ఆడించిన శిశువులు ఆ భాషాధ్వనులను వేరుచేయ నేర్చిరి. అదే మనుష్యులను తెరపై చూచిన శిశువులకు ఏమియు పట్టుబడలేదని 2003లో ప్రకటించిరి. పెద్దలకు సంకల్పబలము కలదు గనుక తెరనుండి కొంత గ్రహింతురు. అయినను తప్పు పలికినప్పుడు తెర దిద్దదు, ప్రశ్నింపదు, నవ్వదు. విదేశీయులకు నడపు ‘టాపిక్’ అను కొరియాభాషా పరీక్షలో స్థాయిలు ఆరు. మొదటి రెండింటికి వినికిడి, పఠనము చాలును. మూడవ స్థాయినుండి రచన కూడ పరీక్షింపబడును. సంభాషణకు 2022 నుండి వేరుపరీక్ష కలదు. ధారావాహికలు మాత్రమే చూచినవాడు వినికిడిలో రాణించి రచనలో తప్పుట సహజము.

కావున, చదువరులారా, మీ యింట ఇప్పటికే ప్రతిరాత్రియు సాగుచున్న ఆ కథను మానుకొనవలదు. రేపటి భాగమున పది నిమిషములు మాత్రము తెలుగక్షరములను తీసివేసి, హంగుల్ పెట్టి, ఒక్కొక్క వాక్యమును ఆపి పైకి పలికి చూడుడు. మరల అదే పది నిమిషములు చూచుటకు మీకు ఓపిక యున్నచో వెంటనే ఒక పాఠ్యపుస్తకము కొనుడు, లేనిచో కథను కథగానే యనుభవింపుడు.