చలికాలములో చెరువు పనికి రబ్బరు బూట్లు ఎన్నుకొను విధము

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున చేపల చెరువులో వల లాగువారికి, తూము వద్ద నీరు మళ్ళించువారికి, దాళ్వా మడిలో నాటు వేయువారికి కాళ్ళే మొదటి పనిముట్లు. పారకు పిడి విరిగినచో మరునాడే కొత్త పిడి వేసికొనవచ్చును. కాలు చెడినచో ఆ పంటకాలమంతయు ఇల్లు కదలలేము. అయినను మోటారుకు, వలకు, మేతకు ఖర్చు పెట్టుటకు వెనుదీయని రైతు కాళ్ళ రక్షణ మాట వచ్చుసరికి వట్టికాళ్ళతో నీటిలో దిగును. దిగుటకు ముందు ఎట్టి బూట్లు కొనవలెనో, ఎట్లు వాడవలెనో తెలిసికొనుట అవసరము.

బూట్లు ఎందులకు?

చలి ఒక్కటే కారణము కాదు. చెరువు అడుగున నత్తగుల్లలు, గాజుపెంకులు ఉండును. ఇంగిలాయి, మార్పు వంటి చేపల ముళ్ళు గుచ్చుకొన్నచో విపరీతమైన బాధ కలుగును. చెరువు సిద్ధము చేయునప్పుడు చల్లు సున్నము తడి కాళ్ళను కాల్చును. గట్ల మీద గడ్డిలో రక్తపింజర, నాగుపాము, కట్లపాము తిరుగుచుండును. పాము కాట్లలో ఎక్కువ భాగము పాదము మీద, పిక్కల క్రిందనే పడును.

వీటన్నిటి కంటె కంటికి కనబడని ప్రమాదము ఎలుక జ్వరము. దీనినే లెప్టోస్పైరోసిస్ అందురు. ఎలుకలు, పందికొక్కులు, పశువుల మూత్రముతో ఈ వ్యాధి క్రిములు నీటిలో చేరును. తడి మట్టిలోను నీటిలోను ఇవి వారముల తరబడి బ్రతుకగలవు. కాలిమీది చిన్న గీతగుండా, నీటిలో నాని మెత్తబడిన చర్మముగుండా శరీరములో ప్రవేశించును. సాధారణముగా 5 నుండి 14 దినములలో జ్వరము, తలనొప్పి, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కళ్ళు ఎర్రబడుట కనబడును. నిర్లక్ష్యము చేసినచో కామెర్లు వచ్చి మూత్రపిండములు దెబ్బతినవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. తొలి దినములలోనే తగిన మందులు వాడినచో నయమగును. కావున అట్టి జ్వరము వచ్చినప్పుడు "నేను చెరువులో దిగి పని చేయుదును" అను మాట వైద్యునితో తప్పక చెప్పుడు. ఆ ఒక్క మాట రోగమును త్వరగా గుర్తించుటకు తోడ్పడును.

రబ్బరా, పి.వి.సి.యా?

పూర్వము రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై పనికి రాకుండెడిది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఆ లోపమును పోగొట్టు పద్ధతిని కనుగొనెను. 1853లో హైరం హచిన్సన్ ఫ్రాన్సులో రబ్బరు బూట్ల తయారీని ప్రారంభించెను. కొయ్యపాదరక్షలతో తడి నేలలో కష్టపడుచుండిన అక్కడి రైతులు వాటిని త్వరలోనే ఆదరించిరి. కావున రబ్బరు బూటు రైతు పనికి క్రొత్తది కాదు.

రబ్బరు బూటు మెత్తగా వంగును, చలిలోను గట్టిపడదు. చిల్లి పడినచో సైకిలు ట్యూబునకు వేసినట్లే సొల్యూషనుతో అతుకు వేసికొనవచ్చును. కాని డీజిలు, ఇంజను నూనె తగిలినచో ఉబ్బి పాడగును. ఎండలో పగుళ్ళు తీయును. పి.వి.సి. బూటు చవుక, నూనెలకు కొంత తట్టుకొనును. అయితే చలికి బిరుసెక్కును. సైకిలు సొల్యూషను దానికి సరిగా అంటదు. నీటిలో ఎక్కువ నడచువారికి రబ్బరు, డీజిలు ఇంజను వద్ద పని చేయువారికి పి.వి.సి. మేలు. ఏది కొన్నను ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూడుడు. రబ్బరు బూట్లకు ఐ.ఎస్. 5557, పి.వి.సి. బూట్లకు ఐ.ఎస్. 12254 అను ప్రమాణములు కలవు.

నీటి లోతును బట్టి ఎత్తు

మొదట బూటు ధర కాదు, మీరు దిగు నీటి లోతు చూడుడు. ఒక కర్రను నీటిలో నిలిపి తడిసిన మేర కొలువుడు. బూటు ఎత్తు అంతకంటె కనీసము 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండవలెను. అడుగు వేసినప్పుడు నీరు ఎగసి లోపల పడకుండుటకు ఈ ఎడము అవసరము.

గట్ల మీద పనికి, తూముల వద్ద పనికి, పిక్కలోతు నీటికి మోకాలి క్రిందివరకు వచ్చు గమ్‌బూట్లు చాలును. నడుములోతు నీటికి అవి పనికిరావు. ఛాతీ వరకు వచ్చు రబ్బరు తొడుగులు అమ్మకములో కలవు. వాటిని వాడువారు తొడుగు పైన నడుము వద్ద బెల్టు బిగించి కట్టవలెను. జారిపడినప్పుడు నీరు ఒక్కసారిగా కాళ్ళలోకి పోకుండ అది ఆపును. నీరు నిండిన తొడుగుతో గట్టు ఎక్కుట మిక్కిలి కష్టము. కావున తొడుగు వేసికొన్నవారు ఒంటరిగా చెరువులో దిగరాదు. ఈతలోతు నీటిలో బూట్లు గాని తొడుగులు గాని వేసికొనరాదు.

దమ్ము చేసిన మడి సంగతి వేరు. మామూలు గమ్‌బూటును బురద పట్టి పీల్చును. కాలు వచ్చును, బూటు రాదు. జపానులో నాటు వేయువారు పాదమునకు, పిక్కకు అతుకుకొని ఉండు పలుచని పొడుగు రబ్బరు బూట్లు వాడుదురు. దమ్ము మడికి అట్టివి దొరికినచో మేలు.

పాదమునకు సరిపడు సైజు

సాయంకాలమునకు పాదము కొంత ఉబ్బును. అప్పుడే కొలత తీసికొనుడు. కాగితము మీద నిలబడి మడమ నుండి పొడుగైన వ్రేలి కొన వరకు గీత గీసి కొలువుడు. రెండు పాదములను కొలిచి పెద్దదానిని లెక్కలోనికి తీసికొనుడు. మేజోడు తొడిగిన తరువాత వ్రేళ్ళ ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండవలెను. సైజునకు సైజునకు తేడా అంగుళములో మూడవ వంతు మాత్రమే. కాబట్టి రెండు మూడు సైజులు తొడిగి చూచుటకు సిగ్గుపడవద్దు. బిగుతు బూటులో రక్తము సరిగా ఆడక కాలు మరింత చల్లబడును. వదులు బూటు మడమను ఒరిసి పుండు చేయును.

వెచ్చదనము ఎక్కడినుండి వచ్చును?

వెచ్చదనము మందపు రబ్బరులో లేదు. కాలి చుట్టు నిలిచిన పొడి గాలిలో ఉన్నది. గాలి కంటె నీరు వేడిని 20 రెట్లకు పైగా ఎక్కువగా లాగుకొనును. అందుచేత చెమటతోనైనను మేజోడు తడిసినచో కాలు చల్లబడును. నూలు మేజోళ్ళు తడిని పట్టి ఉంచును. ఉన్ని మేజోళ్ళు తడిసినను కొంత వేడిని నిలుపును. నీరు గడ్డకట్టు దేశములలో మంచు మీద కూర్చుండి చేపలు పట్టువారు ఫెల్టు లోతొడుగు గల బూట్లు వాడుదురు. ఆ లోతొడుగును రాత్రి బయటికి తీసి ఆరబెట్టుదురు. మన కోస్తా జిల్లాల చలికి అంత మందము అక్కరలేదు. చెమట పట్టి హాని చేయును. లంబసింగి వంటి చలి ప్రాంతములవారు మాత్రము ఉన్ని మేజోడు పట్టునట్లు బూటు ఎన్నుకొనవలెను. ఎక్కడివారైనను వెంట ఒక జత పొడి మేజోళ్ళు ఉంచుకొనుట మంచిది.

పరీక్ష, సంరక్షణ

కొనునప్పుడు బూటును వంచి మడమ, వ్రేళ్ళ వద్ద అతుకులు విచ్చుకొనునేమో చూడుడు. అడుగున గాళ్ళు లోతుగా ఉండవలెను. ఇంటికి తెచ్చి బూటు మూతి చేతితో గట్టిగా మూసి, నీళ్ళ తొట్టిలో ముంచి నొక్కుడు. బుడగలు వచ్చినచోట చిల్లి ఉన్నట్లే. చిల్లి బూటు వట్టికాలి కంటె చెడ్డది. మురికినీటిలో కాలిని గంటల తరబడి నానబెట్టును.

పని ముగిసిన వెంటనే బురద కడిగి, కాళ్ళు సబ్బుతో కడిగికొని తుడుచుకొనుడు. బూట్లను నీడలో రెండు గుంజల మీద తలక్రిందులుగా పెట్టి ఆరనిండు. పొయ్యి దగ్గర, ఎండలో పెట్టరాదు. తొడుగుటకు ముందు ప్రతిసారి బోర్లించి దులుపుడు. తేలు, పాము దాగి ఉండవచ్చును. బూటు పాముకాటు భయమును తగ్గించును గాని పూర్తిగా తొలగించదు. కాటు పడినచో కోయుట, గట్టిగా కట్టుట మాని, కాలు కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఎవరికి కొనవలెను?

చివరిగా ఒక్క మాట. బూట్లు కొనువాడు తరచుగా గట్టు మీద నిలుచును. నీటిలో దిగువారు కూలీలు. యజమాని తనకు ఒక జత కొనినంత మాత్రమున రక్షణ పూర్తి కాదు. నాటు వేయు స్త్రీలకు పురుషుల సైజు బూటు ఇచ్చినచో అది బురదలోనే మిగులును. వారి పాదములకు తగిన చిన్న సైజులు అడిగి తెప్పింపవలెను. ఒకే జతను పలువురు మార్చి మార్చి తొడిగినచో కాలివ్రేళ్ళ సందుల తామర ఒకరినుండి ఒకరికి అంటును. వల ఖర్చులో, నాటు ఖర్చులో మనిషికొక జత బూటు ఖర్చును కూడ మొదటినుండియే చేర్చి లెక్క వేసికొనుడు. నీటిలో దిగిన ప్రతివాడు ఆరోగ్యముగా గట్టు ఎక్కినప్పుడే పట్టుబడి లాభమగును.