సీమలో సముద్రపు ఒడ్డు.. గండికోటలో ఓ రాత్రి

బెంగళూరులో మా టీమ్‌కి లాంగ్ వీకెండ్ దొరికితే ఒకటే మాట.. గోకర్ణ! బీచ్ ట్రెక్, కొండ అంచున టెంట్, కింద అలలు. పోయిన డిసెంబర్‌లో బస్ టికెట్లు దొరక్క అందరూ డీలా పడితే, ‘మా ఊరి పక్కనే అలాంటి చోటు ఉంది, పదండి’ అన్నా. మాది ప్రొద్దుటూరు. ‘మీ కడపలో సముద్రం ఎక్కడుంది మచ్చా?’ అని ఒకటే నవ్వు. ఉండేది. మనమే కాస్త లేటుగా పుట్టాం. వంద కోట్ల ఏళ్లకు పైనే లేటు!

జోక్ కాదు. కడప, కర్నూలు ప్రాంతంలో చాలా భాగం ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. అడుగున చేరిన ఇసుక, సున్నపు బురద పొరలు పొరలుగా గట్టిపడి రాళ్లయ్యాయి. 1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి మీద పెద్ద నివేదిక రాశాడు. ఇప్పటికీ జియాలజీ పుస్తకాల్లో ఈ రాళ్లకు మన జిల్లాల పేర్లే. సున్నపు బురద గట్టిపడితే నాపరాయి. మీ ఇంట్లో నేల మీదో, వంటింటి గట్టు మీదో ఉన్న కడప బండ అదే. ఆ సున్నపురాయినే భూమి లోపల నీళ్లు తొలిస్తే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు, మూడు కిలోమీటర్లకు పైగా. ఇక ఇసుక గట్టిపడిన చోట క్వార్ట్‌జైట్. గండికోటలో మనం టెంట్ వేసేది దాని మీదే. ఇలాంటి రాతి పలకల్లో కొన్నిచోట్ల సన్నటి గీతలు అలలు అలలుగా ఉంటాయి. బీచ్‌లో నీళ్లు వెనక్కి పోయాక తడి ఇసుక మీద కనిపిస్తాయే, అచ్చం అవే. నేను చిన్నప్పటి నుంచి వాటిని తొక్కుకుంటూ తిరిగినా, అవేంటో తెలిసింది మాత్రం బీటెక్ అయిపోయాక, అదీ యూట్యూబ్‌లో.

ఈ ఎర్రమల కొండల్ని పెన్నా నది నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ గండే గండికోట. దాదాపు మూడు వందల అడుగుల లోతు. పెమ్మసాని నాయకులు ఇక్కడ కోట కట్టుకున్నారంటే సగం గోడ ప్రకృతే కట్టిపెట్టింది కాబట్టి. 1652లో మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. అదే ఏడాది ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం.. కోట మొత్తం తిరగాలంటే ఒక పూట పడుతుంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. 2016 నుంచి యర్రగుంట్ల-నంద్యాల రైలు మార్గంలో జమ్మలమడుగుకు స్టేషన్ కూడా ఉంది.

సరే, అసలు కథ. మేం ఐదుగురం సాయంత్రం ఐదింటికి అంచుకు కొంచెం దూరంలో అద్దె టెంట్లు విప్పాం. సంచిలో టెంట్, ఇనుప మేకులు ఉన్నాయి. తాడు లేదు. మేకు కొడితే రాయి మీద ఠంగ్‌మని ఎగిరి నా బూటు పక్కన పడింది. అటుగా మేకలు తోలుకుపోతున్న ఓ పెద్దాయన కాసేపు చూసి, ‘రాయి మీద మేకు దిగతాదా నాయనా? లోపల నాలుగు మూలలా గుండ్లు పెట్టండి. రాత్రికి గాలి ఎత్తుకుంటాది’ అన్నాడు. రెండు టెంట్లలో పెట్టాం. మూడోది మా వాడు ‘బ్యాగులున్నాయి కదా, చాల్లే’ అని వదిలేశాడు.

రాత్రి పదకొండున్నరకు గాలి లేచింది. గండిలోంచి పైకి తన్నుకొచ్చే గాలి అది. మూడో టెంట్ బ్యాగులతో సహా అంచు వైపు జరగడం మొదలైంది. మా వాడు ఫోన్ టార్చ్ వేసుకుని దాని వెనక పరుగు. ‘రేయ్, ఆగరా!’ అని అరిచాం. గాలి హోరులో వాడికి వినపడలేదు. ఓ బండ పగులులో టెంట్ పుల్ల ఇరుక్కుని ఆగింది. వాడూ ఆగాడు. టార్చ్ ముందుకు తిప్పి చూస్తే, పది అడుగుల అవతల వెలుతురు పడటానికి నేలే లేదు.

ఆ తర్వాత ఎవరికీ నిద్ర పట్టలేదు. బొరుగులు, చెనక్కాయలు తింటూ తెల్లారేదాకా కూర్చున్నాం. ఇన్‌స్టాలో అంచు మీద కాళ్లు వేలాడేసుకున్న ఫొటోలు చూస్తుంటాం కదా.. ఆ రాయి ఇటుకలు పేర్చినట్టు పగుళ్లతో ఉంటుంది. కొన్ని దిమ్మలు కదులుతాయి. పైన ఇసుక రేణువులుంటే బూటు జారుతుంది. మేం తిరిగిన అంచు మీద ఎక్కడా రెయిలింగ్ కనపడలేదు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. నన్నడిగితే ముందు రాత్రిపూట అంచు ఎక్కడుందో తెలిసేలా చిన్న లైట్లు పెట్టాలి. సెల్ఫీ పాయింట్ తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లేవాళ్లు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్లండి. మార్చి దాటితే ఆ రాయి పెనమే. మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్లు, హెడ్‌ల్యాంప్, పది మీటర్ల తాడు తప్పనిసరి. టెంట్ అంచుకు కనీసం వంద అడుగుల దూరంలో వేయండి. ఖాళీ సీసాలు మీ బ్యాగులోనే వెనక్కి రావాలి.

ఇంకో మాట. గండికి ఎగువన గండికోట రిజర్వాయర్ ఉంది, దాదాపు 27 టీఎంసీలు. దాని కింద మునిగిన ఊళ్లలో తాళ్లప్రొద్దుటూరు ఒకటి. మా అమ్మ తరఫు చుట్టాలది ఆ ఊరే. ఇప్పటికీ ఆ దారిలో పోతుంటే బస్సులోంచి నీళ్ల వైపు చెయ్యి చూపించి, ‘అదో, ఆడ ఉండేది మా ఇల్లు’ అంటారు. అక్కడ బోటింగ్ అంటే నాకెందుకో మనసొప్పదు. మావాళ్లు వెళ్దామన్నా నేను రానన్నా.

పొద్దున్నే మేకలాయన మళ్లీ వచ్చాడు. రాత్రి జరిగింది చెబితే అంచు వైపు ఓసారి చూసి, ‘నా మేకలే ఆడికి పోవు కదప్పా, మీరెందుకు పోతాండారు?’ అన్నాడు. మా వాడు తల వంచుకుని విరిగిన టెంట్ పుల్ల మడత పెడుతూ కూర్చున్నాడు. దానికి కట్టిన ఫైన్ ఆరు వందలు.