గడప దగ్గరే ఆగాల్సిన దుమ్ము

రోజూ పొద్దున్నే ఊడ్చి చేటలోకి ఎత్తే దుమ్ములో చాలా భాగం ఇంట్లో పుట్టింది కాదు. కొంత గాలితో కిటికీల్లోంచి వస్తుంది, కొంత మన కాళ్లకూ చెప్పులకూ అంటుకుని వస్తుంది. అమెరికాలో డేవిడ్ లేటన్, పలోమా బీమర్ అనే పరిశోధకులు 2009లో దీనికి లెక్క కట్టారు. అక్కడి ఇళ్లలోని దుమ్ములో 60 శాతానికి పైగా బయటి నుంచి వచ్చిందేనని తేల్చారు. ఏడాదిలో చాలా నెలలు తలుపులు, కిటికీలు బిగించుకుని ఉండే ఇళ్ల సంగతి అది. మన ఇళ్లలో పగలంతా తలుపు తెరిచే ఉంటుంది, చాలా వీధుల్లో రోడ్డు దిగితే మట్టే.

గాలితో వచ్చే దుమ్మును పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. కాళ్లతో వచ్చేదాన్ని ఆపడానికి మాత్రం ఇంట్లో ఒక చోటు ఉంది, అది వీధి గుమ్మం. అక్కడ చెప్పులు వరసగా పెట్టుకోవడం, కాళ్లు తుడుచుకునే పట్టా దులుపుకోవడం చుట్టాల కోసం చేసే పని అనుకుంటాం. ఇంట్లో పాకే పిల్లలుంటే అది ముందుగా ఆరోగ్యానికి సంబంధించిన పని.

చెప్పు అడుగున మట్టితో పాటు సీసం కూడా ఉండొచ్చు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. ప్రపంచంలో అందరికన్నా చివర, 2021లో, అల్జీరియా ఆపింది. పెట్రోలులో ఆగినంత మాత్రాన మట్టిలోంచి పోలేదు. సీసం మూలకం, కుళ్లదు, విరిగి ఇంకో పదార్థంగా మారదు. దశాబ్దాల పాటు వాహనాల పొగతో వచ్చి రోడ్డు పక్కన రాలిన సీసంలో చాలా భాగం పైమట్టిలో అలాగే ఉండిపోతుంది. దీనికి పాత రంగులు తోడు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు రంగు వేసిన గేటునో కిటికీ ఊచలనో ఉప్పుకాగితంతో గీకితే రాలే పొడిలో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ పొడిని తొక్కిన చెప్పుతో నేరుగా ఇంట్లోకి నడిస్తే అది నేలమీదికి చేరుతుంది.

పెద్దవాళ్లకు దీనివల్ల వచ్చే ముప్పు తక్కువే. నేలమీద పాకే పిల్లల సంగతి వేరు. వాళ్లు చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు, నేలకు ఆనించిన చేతినే చప్పరిస్తారు. కడుపులోకి పోయిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దవాళ్ల కంటే 4, 5 రెట్లు ఎక్కువగా పీల్చుకోగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతవరకు పరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని కూడా ఆ సంస్థే చెబుతోంది. ఎదిగే మెదడు మీద దాని ప్రభావం తర్వాత మందులతో సరిదిద్దగలిగేది కాదు.

పల్లెటూళ్లలో, పొలం పనులున్న ఇళ్లలో సీసం కంటే దగ్గరి సమస్య పురుగుమందులు, కలుపుమందులు. వరిలో కలుపుకు మన రైతులు కొట్టే 2,4-డి మందునే అమెరికాలో ఇళ్ల ముందు పచ్చికకు కొడతారు. మార్సియా నిషియోకా బృందం దాన్ని వెంబడించి చూసింది. పచ్చిక మీద చల్లిన మందు ఇంట్లో నేలమీదికి, బల్లల మీదికి ఎలా చేరుతోందో 2001లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. మందు కొట్టినవాళ్ల బూట్లు, ఇంటా బయటా తిరిగే కుక్క ముఖ్యమైన దారులని తేలింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తారా లేదా అన్నది ఇంట్లో తేలే మందు మోతాదును గట్టిగా మార్చింది. మిరపకో పత్తికో మందు కొట్టి వచ్చిన రోజు ఆ చెప్పులు, ఆ బట్టలు గుమ్మం బయటే వేరుగా ఉండాలి. పిల్లలు ఆడుకునే అరుగు మీద కూడా పెట్టకూడదు.

బయట చెప్పులు వేసుకోవడం మాత్రం మానకూడదు. కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి దూరగలవు. కైరోలో పనిచేసిన ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతిమీద ఆ పిల్లపురుగులున్న నీటిచుక్క ఒలికింది. చర్మం దురద పెట్టింది, తర్వాత ఆయనకే ఆ పురుగు పట్టింది. 1898లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. బయట చెప్పు, లోపల ఉత్తి కాలు అన్న మన అలవాటులో రెండు సగాలూ సరైనవే.

పాత ఇళ్లలో వీధికీ గదికీ మధ్య చాలా నడక ఉండేది. ముందు కళ్లాపి చల్లిన వాకిలి, తర్వాత అరుగు, వసారా, ఆ తర్వాత గడప. వాకిట్లో గోలెం నిండా నీళ్లు, పక్కన చెంబు. కాళ్లు కడుక్కోనిదే పెద్దవాళ్లు లోపలికి రానిచ్చేవారు కాదు. కళ్లాపి నీళ్లు దుమ్మును లేవకుండా అణిచేవి, వసారా చేరేలోపు అరికాలికి అంటిన ఇసుక సగం రాలేది. పర్యావరణహిత భవనాలకు గుర్తింపు ఇచ్చే లీడ్ నియమావళి ఇప్పుడు అడిగేదీ ఇలాంటిదే. ప్రవేశద్వారం దగ్గర నడిచే దిశలో కనీసం 3 మీటర్ల పొడవున మట్టిని పట్టే పట్టా గానీ జాలీ గానీ ఉండాలంటుంది. ఒక్క అడుగుతో చెప్పు శుభ్రపడదు, నాలుగైదు అడుగులు పడాలి. అపార్ట్‌మెంట్లో ఆ 3 మీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? లిఫ్టు దిగితే రెండడుగుల్లో తలుపు. దూరం లేనప్పుడు ఆ పని పట్టాలే చేయాలి.

అందుకే ఒక పట్టా చాలదు, రెండు కావాలి. బయట గీరే పట్టా, లోపల పీల్చే పట్టా. బయటికి కొబ్బరి పీచు పట్టాను మించింది లేదు. ఆ పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం 40 శాతానికి పైనే ఉంటుంది, అందుకే అది బిరుసుగా ఉండి మట్టిని గీరుతుంది, తడిసినా తొందరగా కుళ్లదు. లోపల మందపాటి నూలు పట్టా తడిని పీల్చుకుంటుంది. నున్నటి ప్లాస్టిక్ పట్టాలు ఈ రెండు పనులూ సరిగా చేయవు. పట్టా నిండిపోయాక అది మట్టిని పట్టడం మానేసి తిరిగి కాళ్లకు అంటించడం మొదలుపెడుతుంది. వారానికోసారి బయటికి తీసుకెళ్లి గోడకేసి కొట్టి, ఎండలో వేయాలి. గుమ్మం ముందు పొడి చీపురుతో విసురుగా ఊడిస్తే సన్నటి దుమ్ము లేచి ఇంట్లోకే వస్తుంది, తడిగుడ్డ పెట్టడం మేలు.

గడపకు పసుపు రాస్తే క్రిములు చస్తాయని చాలామంది నమ్ముతారు. పసుపులోని కర్క్యుమిన్‌కు కొన్ని బాక్టీరియాలను అడ్డుకునే గుణం ప్రయోగశాలలో కనిపించిన మాట నిజం. గడప మీది పలచటి పూత చెప్పులతో వచ్చేదాన్ని ఆపుతుందనడానికి ఆధారం లేదు. పసుపు రాసే ముందు గడపను కడిగి తుడుస్తారు చూడండి, అసలు మేలు అందులో ఉంది.

ఇక చెప్పుల స్టాండ్. దీని మీద మన దేశంలోనే ఒక పరిశోధన జరిగింది. శివ్ నాడార్ విశ్వవిద్యాలయానికి చెందిన వికాశ్ కుమార్, సార్థక్ మిత్తల్ హాస్టల్ గదుల బయట బూట్లు ఎందుకు పడి ఉంటున్నాయని ఆరా తీశారు. చోటు లేక కాదు, కంపు భరించలేక అని తేలింది. 149 మంది విద్యార్థులను అడిగి, ఆ తర్వాత అతినీలలోహిత దీపం అమర్చిన స్టాండ్‌ను ప్రయత్నించారు. రెండు మూడు నిమిషాల వెలుగుకే కంపు పోయింది, ఇంకా ఎక్కువసేపు ఉంచితే బూటు వేడెక్కి రబ్బరు కాలిన వాసన వచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2025లో వీరికి దక్కింది. ప్రశ్న మాత్రం చాలా సరైనది. స్టాండ్ ఎంత అందంగా ఉన్నా కంపు కొడితే ఎవరూ అందులో పెట్టరు, చెప్పులు గుమ్మం ముందే చెల్లాచెదురుగా పడతాయి.

ఆ కంపు చెమటది కాదు. తాజా చెమటకు వాసన దాదాపు ఉండదు. చెమటలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని చర్మం మీది బాక్టీరియా విరగ్గొడితే ఐసోవలెరిక్ ఆమ్లం పుడుతుంది, ముక్కుకు తగిలేది అది. బాక్టీరియాకు కావలసింది తడి, వెచ్చదనం, గాలాడని చోటు. తలుపులున్న చెక్క పెట్టెలో తడి బూటు పెట్టి మూయడం అంటే ఈ మూడూ సమకూర్చడమే. మన వానాకాలపు తేమలో బూజు కూడా తోడవుతుంది. నా మట్టుకు పలకల మధ్య సందులున్న, ముందు తలుపు లేని స్టాండే మేలనిపిస్తుంది. రోజూ వాడే బూట్లు రెండు జతలుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వేసుకోవచ్చు. అతినీలలోహిత దీపం ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు, అది కళ్లకూ చర్మానికీ చెరుపు. ఎండ, గాలి చాలు.

స్టాండ్ వెనక చీకటి మూల దోమలు పగలు దాక్కునే చోటు, పక్కన మనీప్లాంట్ సీసాలో నిలవ నీళ్లుంటే డెంగీ దోమకు గుడ్లు పెట్టే చోటు కూడా. నేల ఇళ్లలో బయట వదిలిన బూటును దులపకుండా తొడగొద్దు, తేళ్లు, పాములు చొరబడతాయి. అపార్ట్‌మెంట్ వరండాలో పెట్టిన స్టాండ్, పాత కుర్చీ, పిల్లల సైకిలు నిప్పంటుకున్న రోజు పొగలో పరుగెత్తేవాళ్ల కాళ్లకు అడ్డం పడతాయి. అపార్ట్‌మెంట్లో స్టాండ్‌కు చోటు తలుపు లోపలే, గుమ్మాన్ని ఆనుకునే చూసుకోవాలి.

గుమ్మం పని దుమ్ము ఆపడంతోనే అయిపోదు. గుమ్మానికీ మతిమరుపుకూ సంబంధం ఉందని 2011లో నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో గేబ్రియెల్ రాడ్వాన్‌స్కీ బృందం చెప్పింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుమ్మం దాటితే అప్పటిదాకా గుర్తున్నది జారిపోవడం ఎక్కువవుతుందన్నారు. 2021లో ఆస్ట్రేలియాలోని బాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ పరీక్షిస్తే, మెదడు మీద ఇంకో పని భారం కూడా ఉన్నప్పుడే ఆ ప్రభావం కనిపించింది. ఆఫీసుకు బయల్దేరే వేళ మెదడు ఉండేది ఆ స్థితిలోనే కదా. తాళంచెవులకు, హెల్మెట్‌కు, గొడుగుకు తలుపు పక్కన కనిపించే కొక్కేలు కొట్టించడం అందుకే పనికొస్తుంది. జ్ఞాపకం చేయాల్సిన పని కన్ను చేస్తుంది. డ్రాయరులో దాస్తే ఆ లాభం పోతుంది.

ఇవన్నీ ఒకేరోజు చేయలేకపోతే, పసిపిల్లలున్న ఇంట్లో ముందు రెండు పనులు చేయండి. చెప్పులు వేసుకుని ఎవరినీ ఇంట్లో నడవనివ్వకండి. ఈ ఆదివారం పట్టా ఎత్తి దులిపి, దానికింద నేలను తడిగుడ్డతో తుడవండి.