ఆ 360 నిమిషాలు ఎక్కడ పోతున్నాయి?

గుండెపోటుతో, లేదా గుండె రక్తనాళం ఉన్నట్టుండి మూసుకుపోయే ప్రమాదంతో, మన ఆసుపత్రుల్లో చేరుతున్నది ఎవరు? ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు వెతికినది ‘క్రియేట్’ రిజిస్ట్రీ. దేశంలో 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో చేరిన 20,937 మంది వివరాలు అందులో ఉన్నాయి. 2008లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. పాత లెక్కే. కానీ అది బయటపెట్టిన తీరు ఇప్పటికీ చదవదగ్గది.

రోగుల సగటు వయసు 57.5 ఏళ్లు. పొగ తాగేవాళ్లు 40.2 శాతం, బీపీ ఉన్నవాళ్లు 37.7, షుగర్ ఉన్నవాళ్లు 30.4. వీటిలో ఆశ్చర్యం ఏమీ లేదు. వయసు సంగతే కాస్త ఆగి చూడాలి. 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన దక్షిణాసియావాళ్ల సగటు వయసు 53 ఏళ్లే. మిగతా దేశాల్లో ఆ సగటు 58.8 దగ్గర ఉంది. అంటే మనకు దాదాపు ఆరేళ్లు ముందే, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, పిల్లల చదువులు పూర్తికాకుండానే వస్తోందన్నమాట.

క్రియేట్‌లో రోగనిర్ధారణ ఖాయమైనవాళ్లలో 60.6 శాతానికి వచ్చింది ‘స్టెమీ’. రక్తపు గడ్డ నాళాన్ని పూర్తిగా మూసేయడంతో ఈసీజీలో ఒక గీత పైకి లేచి కనిపించే తీవ్రమైన రకం ఇది. సంపన్న దేశాల కంటే ఈ వాటా ఎక్కువ. మన గుండెలే అంత బలహీనమా? నాకు వేరే అనుమానం ఉంది. చిన్నపాటి నొప్పిని మనం గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటాం. భరించలేని నొప్పి వచ్చినవాళ్లే ఆసుపత్రిదాకా వస్తే, వార్డులో తీవ్రమైన కేసులే ఎక్కువ కనిపిస్తాయి. 2007–09 మధ్య కేరళలో 125 ఆసుపత్రుల్లో 25,748 మందిని లెక్కిస్తే స్టెమీ వాటా 37 శాతమే వచ్చింది. ఏ ఆసుపత్రులను లెక్కలోకి తీసుకున్నారు, అక్కడికి ఎవరు చేరగలుగుతున్నారు అన్నదాన్ని బట్టి కూడా చిత్రం మారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె 360. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేదాకా పట్టిన నిమిషాలు. సగం మంది ఆరు గంటలు దాటాకే వచ్చారు. లోపలికి వచ్చాక గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదలవడానికి పట్టింది మాత్రం 50 నిమిషాలు. ఆలస్యమంతా గుమ్మం బయటే. ఆ ఇంజెక్షన్ ఆరు గంటలలోపు పడితే ప్రతి వెయ్యి మందిలో సుమారు 30 ప్రాణాలు అదనంగా నిలుస్తాయని, 7 నుంచి 12 గంటల మధ్య పడితే అది 20కి తగ్గుతుందని 1994లోనే తేలింది. కేరళలోనూ 41 శాతం స్టెమీ రోగులు ఆరు గంటలు దాటాకే వచ్చారు.

ఇక డబ్బు సంగతి. క్రియేట్‌లో 30 రోజుల్లో చనిపోయిన పేదలు 8.2 శాతం, సంపన్నులు 5.5 శాతం. యాంజియోప్లాస్టీ పేదల్లో 2 శాతానికే అందింది, సంపన్నుల్లో 15.3 శాతానికి. ఖరీదైన చికిత్స కాబట్టి ఆ తేడా ఉంటుందనుకోవచ్చు. కానీ కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు కూడా 36 శాతం పేదలకే అందాయి, సంపన్నుల్లో 61.2 శాతం వాడారు. మందుబిళ్ల దగ్గర కూడా ఇంత దూరం ఉండాలా? అందిన చికిత్సల్లో తేడాను లెక్కలోకి తీసుకుని సరిచూస్తే మరణాల్లో తేడా మాయమైంది. పేదవాడి గుండె జబ్బు వేరే కాదు, అందిన వైద్యమే వేరు.

అయితే ఇవన్నీ చేరినవాళ్ల లెక్కలే. చేరనివాళ్ల జాడ కొంతైనా ఉభయ గోదావరి జిల్లాల పరిశోధనలో దొరుకుతుంది. 45 ఊళ్లలో 2003–04లో ఏడాదిపాటు జరిగిన మరణాలకు కారణాలను ఇంటివాళ్లను అడిగి తేల్చారు. 32 శాతం చావులకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. అంటువ్యాధులదే రాజ్యమనుకున్న పల్లెల్లో వచ్చిన అంకె ఇది. ఇంట్లోనో, ఆటోలోనో, దారి మధ్యనో గుండె ఆగిపోయినవాళ్లు ఇలాంటి లెక్కలోకి వస్తారు. ఆసుపత్రి ప్రకటించే మరణాల శాతంలోకి రారు.