కొడవలి కణం

పరీక్షలు దగ్గరపడే రోజులలో జీవశాస్త్రం పుస్తకాన్ని తిరగవేసే విద్యార్థికి కణం ఒక పాఠంగా, కణవిభజన మరొక పాఠంగా, అనువంశికత ఇంకొక పాఠంగా కనిపిస్తాయి. కణం బొమ్మ వేసి భాగాలు గుర్తించడం వేరు, మెండెల్ బఠానీల లెక్క వ్రాయడం వేరు అనిపిస్తుంది. అయితే ఈ మూడు పాఠాలనూ ఒక్క రక్తపు బొట్టులో కలిపి చూపించే వ్యాధి ఒకటి ఉంది. దాని పేరు సికిల్ సెల్ ఎనీమియా. సికిల్ అంటే కొడవలి, ఎనీమియా అంటే రక్తహీనత.

1904వ సంవత్సరం చివరలో అమెరికాలోని చికాగో నగరంలో ఒక ఆసుపత్రికి ఒక యువకుడు వచ్చాడు. వెస్టిండీస్‌లోని గ్రెనెడా ద్వీపం నుంచి దంతవైద్యం చదువుకోవడానికి వచ్చినవాడతడు. అతని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు గుండ్రని కణాల మధ్య సన్నగా, పొడవుగా, కొడవలివలె వంపు తిరిగిన కణాలు కనిపించాయి. జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు 1910లో ఈ సంగతిని ప్రకటించాడు. కారణమేమిటో ఆయన చెప్పలేకపోయాడు. అంతకు ముందు ఈ వ్యాధి లేదని కాదు. ఆఫ్రికాలోను, మన దేశపు అడవి ప్రాంతాలలోను తరతరాలుగా జనం ఈ బాధ పడుతూనే ఉన్నారు. సూక్ష్మదర్శిని పెట్టి చూచినవారు లేరు, అంతే.

ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణం గుండ్రంగా, మధ్యలో బొటనవేలితో నొక్కినా చిల్లు పడని గారెవలె ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడెనిమిది భాగాలు దాని వెడల్పు. ఒక ఘనమిల్లీమీటరు రక్తంలో ఇటువంటివి సుమారు 50 లక్షలు. ఎముకల మూలుగలో తయారై రక్తంలోకి వచ్చే వేళకు ఈ కణం తన కేంద్రకాన్ని వదులుకొంటుంది. ఆ చోటంతా హీమోగ్లోబిన్‌తో నిండుతుంది. ఊపిరితిత్తులలో ఆక్సిజన్‌ను పట్టుకొని శరీరంలోని మూలమూలలకూ చేర్చేది ఈ హీమోగ్లోబినే. కేశనాళికలు కొన్ని చోట్ల కణం కంటే కూడా ఇరుకుగా ఉంటాయి. మెత్తని కణం ముడుచుకొని వాటిలో నుంచి జారిపోతుంది. ఇలా సుమారు 120 రోజులు పనిచేసి నశిస్తుంది.

సికిల్ సెల్ రోగిలో చిక్కు వచ్చేది ఆక్సిజన్‌ను అందించిన తరువాత. ఆక్సిజన్ పోగానే హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన కడ్డీలుగా మారతాయి. ఆ కడ్డీలు కణాన్ని లోపలినుంచి సాగదీస్తాయి. మెత్తని గారె గట్టి కొడవలి అవుతుంది. మళ్లీ ఆక్సిజన్ అందితే కణం మొదటి రూపానికి రావచ్చు. కాని పదేపదే ఇలా జరిగితే దాని పొర దెబ్బతిని, వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది. అటువంటి కణం పది, ఇరవై రోజులకు మించి బ్రతకదు. నశించినంత వేగంగా కొత్తవాటిని తయారుచేయడం మూలుగకు సాధ్యం కాదు. అందువల్ల రక్తహీనత ఏర్పడుతుంది, కళ్లు పచ్చబడతాయి. గట్టిపడిన కణాలు ఇరుకు నాళాలలో చిక్కుకొంటే రక్తం అందని చోట భరించరాని నొప్పి పుడుతుంది. పసిపిల్లలకు చేతులు, కాళ్లు వాస్తాయి. ప్లీహం చెడిపోయి అంటువ్యాధులు త్వరగా సోకుతాయి. ఈ నొప్పికి పైన గాయం ఉండదు, కట్టు ఉండదు. నిన్న ఆడుకొన్న పిల్లవాడు ఇవాళ మూలుగుతూ పడుకొంటే బడి ఎగవేయడానికి వేసిన ఎత్తుగడ అనుకొనేవారున్నారు. నీరు తక్కువ త్రాగినా, చలిలో తిరిగినా, అతిగా శ్రమపడినా, జ్వరం వచ్చినా ఈ నొప్పి మొదలుకావచ్చు. తరగతి మధ్యలో నీళ్లకోసం మాటిమాటికీ లేచే అటువంటి పిల్లవాడిని ఆపకూడదు.

ఇంత బాధకు మూలం చాలా చిన్నది. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలు హీమోగ్లోబిన్ కంటే వేరుగా కదులుతున్నదని కనిపెట్టారు. అనగా తేడా కణం ఆకారంలో కాదు, అణువులోనే ఉన్నది. ఆ తేడా ఎక్కడో 1956లో వెర్నన్ ఇంగ్రామ్ చూపడం మొదలుపెట్టాడు. హీమోగ్లోబిన్‌లో నాలుగు ప్రోటీను గొలుసులు ఉంటాయి. వాటిలో బీటా గొలుసులు రెండు. ఒక్కొక్క బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చబడి ఉంటాయి. రోగిలో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది. మిగిలిన 145 స్థానాలూ సరిగానే ఉంటాయి. ఈ వరుసను నిర్ణయించే జన్యువులో, అంటే డి.ఎన్.ఎ.లో, మారినది ఒకే ఒక అక్షరం. ‘మేక’ చివర కొమ్ము చేరితే ‘మేకు’ అవుతుంది. మెత్తని ప్రాణి గట్టి ఇనుము కావడానికి ఒక్క గుర్తు చాలింది. ఇక్కడ జరిగినదీ అటువంటిదే.

ఈ బీటా గొలుసు జన్యువు పదకొండవ జత క్రోమోజోములపై ఉంటుంది. మనిషి శరీరకణాలలో 46 క్రోమోజోములు, 23 జతలుగా ఉంటాయి. ఒకే సంయుక్తబీజం సమవిభజన చెంది శరీరమంతా ఏర్పడినది కాబట్టి కేంద్రకం గల ప్రతి కణంలోను, చర్మంలోను నాడులలోను కూడా, ఈ జన్యువు ఉన్నది. కాని దానిని చదివి పని జరిపించేవి ఎర్ర రక్తకణాలను తయారుచేసే మూలుగ కణాలే. మిగిలిన చోట్ల అది మూసి ఉంచిన పుస్తకం వంటిది.

బీజకణాలు ఏర్పడేటప్పుడు జరిగేది సమవిభజన కాదు, క్షయకరణ విభజన. అండానికి గాని, శుక్రకణానికి గాని జతలోనుంచి ఒక్కొక్క క్రోమోజోమే అందుతుంది. తండ్రిలో ఒక మామూలు జన్యువు, ఒక మారిన జన్యువు ఉంటే బిడ్డకు ఏది వస్తుందో చెప్పలేము. రెండింటికీ సమాన అవకాశం ఉంది. తల్లి విషయమూ అంతే. ఒక్క మారిన జన్యువే ఉన్నవారిని వాహకులంటారు. వాహకులు రోగులు కారు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. వారి రక్తంలో రెండు రకాల హీమోగ్లోబినూ ఉంటుంది. బహిర్గతం, అంతర్గతం అనే మాటలు ఇక్కడ కొంత తడబడతాయి. వ్యాధిని చూస్తే అది అంతర్గత లక్షణం. అణువును చూస్తే రెండు జన్యువులూ తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకుడయ్యే అవకాశం నాలుగింట రెండు, మారిన జన్యువు అసలే రాని అవకాశం నాలుగింట ఒకటి. ఈ లెక్కను చాలామంది తప్పుగా అర్థం చేసుకొంటారు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదని ధైర్యపడతారు. అది సరికాదు. ఎగురవేసిన నాణేనికి గత పందెం గుర్తుండదు, ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటినుంచే. మెండెల్ ఒక ప్రయోగంలో 5,474 గుండ్రని గింజలను, 1,850 ముడుతలు పడిన గింజలను లెక్కించాడు. అన్ని వేల గింజలు పోగైతేనే మూడుకు ఒకటి అనే నిష్పత్తి స్పష్టమైంది. నలుగురు పిల్లల ఇంట్లో అది కనపడి తీరాలని లేదు. ఇద్దరూ వాహకులైన దంపతులకు నలుగురు పిల్లలు కలిగినా, అటువంటి కుటుంబాలు వంద ఉంటే సుమారు 32 కుటుంబాలలో రోగి ఒక్కరూ ఉండరు. వ్యాధి రెండు తరాలు దాగి, మూడవ తరంలో బయటపడితే శాపమనీ, దిష్టి అనీ అనుకోవడానికి ఇదే కారణం. చాలా ఇళ్లలో నింద కోడలిమీద పడుతుంది. బిడ్డకు ఈ వ్యాధి రావాలంటే తండ్రి నుంచి కూడా ఒక జన్యువు రావలసిందేనని ఆ నింద వేసేవారికి తెలియదు.

ఇంత హాని చేసే జన్యువు ఎందుకు అంతరించలేదు? తూర్పు ఆఫ్రికాలో పరిశోధన చేసిన ఆంథొనీ ఆలిసన్ 1954లో దీనికి సమాధానం చెప్పాడు. వాహకులైన పిల్లలకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంది. మలేరియా ఎక్కువగా ఉన్నచోట వారు ఎక్కువగా బ్రతికి, ఆ జన్యువును తరువాతి తరానికి అందించారు. మన దేశంలో ఈ కణాలను మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనులలో గుర్తించారు. తరువాత ఒడిశాలోను, మహారాష్ట్రలోని గడ్చిరోలి వంటి విదర్భ జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలలోను కనిపించాయి. గిరిజనులలో ఎక్కువే గాని, ఇతరులలో లేకపోలేదు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని శాహ్‌డోల్‌లో ఈ వ్యాధి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్ల లోపు వారిలో ఏడు కోట్లమందికి రక్తపరీక్ష చేయాలన్నది దాని సంకల్పం. వేలినుంచి తీసిన చుక్క రక్తంతో మొదటి పరీక్ష జరుగుతుంది. వాహకుడని తేలితే పెండ్లి సంబంధం తప్పిపోతుందని దాచేవారున్నారు. హీమోగ్లోబిన్‌లో ఏ లోపమూ లేని వ్యక్తిని వాహకుడు వివాహమాడితే పిల్లలెవరికీ ఈ వ్యాధి రాదు. దాచినప్పుడే ఇద్దరు వాహకులు తెలియక దంపతులయ్యే ప్రమాదం ఉంది.

రోగులు కొత్త కణాల తయారీకోసం ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడతారు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన బృందమే 1940వ దశకంలో ఈ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. నొప్పులు తరచుగా వచ్చేవారికి హైడ్రాక్సీయూరియా అనే మందు ఇస్తారు. గర్భస్థ శిశువులో వేరొక రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. అది కొడవలి కానివ్వదు, అందుకే పుట్టిన కొన్ని నెలల వరకు వ్యాధి బయటపడదు. ఆ పాత హీమోగ్లోబిన్‌ను కొంత తిరిగి రప్పించడం ఈ మందు చేసే పని. 2023 చివరలో బ్రిటన్, అమెరికాలు అనుమతించిన ఒక చికిత్సలో రోగి మూలుగ కణాలను బయటకు తీసి, వాటి డి.ఎన్.ఎ.ను సవరించి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. దానితో గర్భస్థ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. దాని ఖర్చు సామాన్యులకు అందనిది. చికిత్స ఫలించి నొప్పులు ఆగినప్పటికీ సవరణ జరిగినది మూలుగ కణాలలోనే. బీజకణాలలో మారిన జన్యువు ఎప్పటివలెనే ఉంటుంది. కనుక ఆ వ్యక్తికి పుట్టే ప్రతి బిడ్డకూ ఒక మారిన జన్యువు తప్పక చేరుతుంది. బిడ్డ వాహకుడా, రోగియా అన్నది రెండవ జన్యువును ఇచ్చేవారిని బట్టి ఉంటుంది.