ఇల్లు కొల్లూరులో, పని బంజారా హిల్స్‌లో

ధర 45 లక్షల రూపాయలు దాటకూడదు. కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు మించకూడదు. హైదరాబాద్ లాంటి మహానగరంలో ఈ రెండూ కుదిరితేనే అది సామాన్యుడికి అందే ఇల్లని 2019లో జీఎస్టీ లెక్క తేల్చింది. నిర్మాణంలో ఉండగా అలాంటి ఇల్లు కొంటే పన్ను 1 శాతం, ఆ గీత దాటితే 5 శాతం. బంజారా హిల్స్‌లో ఆ ధరకు కొత్త ఫ్లాట్ కోసం వెతకడం వృథా శ్రమ. పంజాగుట్ట, అమీర్‌పేటల్లో పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కడైనా తగిలితే అదృష్టం.

దొరికిందనే అనుకుందాం. ఈ ధర ఇంటికి బ్యాంకు 80 శాతం దాకా అప్పిస్తుంది. అంటే 9 లక్షలు ముందే చేతిలో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున మరో 3.37 లక్షలు. మిగతా 36 లక్షలు 8.5 శాతం వడ్డీకి తెచ్చుకుని 20 ఏళ్లు కడితే నెల వాయిదా 31 వేల పైమాటే. బంజారా హిల్స్ బంగళాల్లో వంట చేసేవాళ్లకు, కార్లు నడిపేవాళ్లకు, అమీర్‌పేట బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడేవాళ్లకు చాలామందికి జీతమే అంత రాదు.

ఈ కొండలు ఒకప్పుడు బంజారాలవి. పేరు అలా వచ్చిందే. నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి బండల మధ్య ఇల్లు కట్టుకుని దానికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నాక, ఒకరి వెనుక ఒకరు సంపన్నులు కొండెక్కారు. అయితే ఆనాటి పాలకులు పేదల ఇంటి సంగతి పట్టించుకోలేదనలేం. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీల స్థానంలో చిన్న చిన్న ఇళ్లు కట్టించి అద్దెకిచ్చింది.

మార్కెట్‌కు పగ్గాలు వదిలేస్తే ధర దానంతటదే దిగుతుందన్న వాదన ఒకటుంది. హైదరాబాద్ ఆ ప్రయోగం చేసింది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86, స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితిని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు ఉండి, చుట్టూ ఖాళీ వదిలితే చాలు, ఆకాశమే హద్దు. ముంబయితో పోలిస్తే ఇక్కడ ఫ్లాటు చవకగా ఉండటానికి ఇదో కారణం. కానీ ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులు, పార్కింగు, అగ్నిమాపక ఏర్పాట్ల ఖర్చూ పెరుగుతుంది. పడమటి హైదరాబాద్ టవర్లలో లేచినవి ఎక్కువగా పెద్ద ఫ్లాట్లే. పైగా భూమి ధరను పెంచడంలో ప్రభుత్వానిదీ పెద్ద చెయ్యే: 2023 ఆగస్టులో మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ కోకాపేటలో వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత పోసి కొన్నవాడు 45 లక్షల ఇల్లు ఎలా కడతాడు?

మనవాళ్లు ఎందరో స్థిరపడ్డ హ్యూస్టన్ వేరే దారి పట్టింది. అమెరికాలో చాలా నగరాలు నివాస స్థలంలో అధిక భాగాన్ని ఒక్కో కుటుంబం ఉండే విడి ఇళ్లకే కేటాయిస్తాయి. హ్యూస్టన్ 1998లో నగరం నడిబొడ్డున ఒక ఇంటికి ఉండాల్సిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. ఒక ఇల్లున్న చోట మూడు లేచాయి, అదీ ఊరి మధ్యలోనే.

మన దగ్గర ఊరి మధ్యలో ఆ పని చేసినవి బస్తీలు. నంది నగర్, ఎన్‌బీటీ నగర్, సింగాడికుంట, దేవరకొండ బస్తీ లేకపోతే బంజారా హిల్స్‌లో ఒక్క రోజు కూడా గడవదు. 1967లో నగరపాలక సంస్థ ప్రారంభించిన పట్టణ సామాజికాభివృద్ధి విభాగం తర్వాతి కాలంలో బస్తీ జనాన్ని వెళ్లగొట్టకుండా పట్టాలిచ్చి, బ్యాంకు అప్పులిప్పించి, వాళ్ల ఇళ్లు వాళ్లనే కట్టుకోనిచ్చింది. నగరం చేసిన మంచి పనుల్లో అదొకటి.

2015 నవంబరులో ప్రారంభమైన సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీ అదే బాటలో నడిచింది. శిథిలమైన పాత కాలనీని తీసేసి, ఉన్నచోటే ప్రభుత్వం పేదలకు 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టించింది. ఆ తర్వాత లెక్కలు పెద్దవయ్యాయి, దూరాలూ పెరిగాయి. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు సముదాయంలో ఏకంగా 15,660 ఇళ్లు. ఇళ్లు గట్టివే. కానీ బంజారా హిల్స్‌కు దాదాపు 25 కిలోమీటర్లు. పొద్దున్నే నాలుగిళ్లలో అంట్లు తోమే ఆమెకు అది సొంతిల్లు దక్కి ఉపాధి పోవడమే.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలిస్తుంది. జాగాయే లేనివాళ్ల సంగతి? అమీర్‌పేటలో కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి గదికి నలుగురైదుగురు సర్దుకునే పిల్లలు, పంజాగుట్టలో అడ్వాన్సు కట్టలేక రెండేళ్లకో గది మారే కుటుంబాలు ఈ పథకాల లెక్కలోకే రారు. వాళ్లకు కావాల్సింది న్యాయమైన అద్దె. మన గృహ విధానం సొంతింటి చుట్టూనే తిరుగుతూ అద్దె ఇంటిని మరిచిపోయింది.

మెట్రో ఎర్ర, నీలి లైన్లు కలిసే చోటు అమీర్‌పేట. ఈ చుట్టుపక్కల మిగిలిన ప్రభుత్వ స్థలాల్లో ఒక్కదాన్ని కూడా వేలం వేయక ముందే అద్దె ఇళ్లకు వాటా తీసిపెట్టాలి. బస్తీల్ని ఉన్నచోటే బాగుచేయాలి. ఇల్లు కేటాయించే అధికారి దరఖాస్తుదారు పని ఎక్కడో కూడా అడిగి రాసుకోవాలి.